సరుగుడు సూదుల్లో నీళ్లు

విడవలూరుకు తూర్పున, సముద్రం హోరు వినిపించే ఆ పల్లెకు తాగడానికి ఒకటే దొరువు. ఇసుకలో తవ్విన గుంత అది. అడుగున ఊరిన నీళ్లను ఆడవాళ్లు చిప్పతో తోడి కడవలు నింపుకునేవారు. అరవై నాలుగు ఎండాకాలంలో ఆ నీళ్లు ఉప్పనయ్యాయి. ఊరికి ఎవరో ఒకరి మీద కోపం రావాలి కదా, పక్కనున్న సరుగుడు తోపు మీద వచ్చింది. మంచినీళ్లన్నీ ఆ చెట్లే తాగేస్తున్నాయన్నారు. తోపు నరికించమని ఊరి పెద్ద మాలకొండయ్య అడవి ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడు.

తోపుకు కావలివాడు హెబ్రోను. ఇసుక ఎగిరొచ్చి ఇళ్ల గుమ్మాలు పూడ్చేస్తున్న రోజుల్లో ఆ మొక్కలు నాటి, కుండలతో నీళ్లు మోసి బతికించింది అతనూ, అతని భార్య మగ్దలీనమ్మా. పిల్లల్లేని వాళ్లకు ఆ తోపే సంసారం. తోపు పోతే ఇసుక మళ్లీ ఊరి మీద పడుతుందని హెబ్రోను మొత్తుకుంటే, "నీ జీతం కోసం చెప్తావులే" అని నవ్వేవారు. అడ్డమైన మాటలకు నవ్వే ఊరు నిజమైన మాటకు నవ్వకుండా ఉంటుందా!

ఎటూ తేల్చుకోలేక అడవి ఆఫీసువాళ్లు బొంబాయి నుంచి పద్మనాభయ్య అనే శాస్త్రజ్ఞుణ్ని పిలిపించారు. మంచివాడే, కాకపోతే తొందర మనిషి. ఊరివాళ్లను కూర్చోబెట్టి వివరంగా చెప్పాడు.

"ఏ నీళ్లలోనైనా మామూలు నీళ్లతో పాటు రవ్వంత బరువు నీళ్లు కలిసి ఉంటాయి. నాలుకకు తెలియదు, కంటికి కనపడదు. వాననీళ్లలో ఆ బరువు ఒక లెక్కలో ఉంటుంది, మీ దొరువులో ఇంకో లెక్కలో. సరుగుడు సూదుల్లోంచి నీళ్లు తీసి మా మిషన్లో చూస్తే చెట్టు ఎక్కడ తాగుతోందో తెలిసిపోతుంది. పై ఇసుకలో నిలిచిన వాన చెమ్మ తాగుతుంటే తోపు ఉంటుంది. దొరువు నీళ్లే తాగుతుంటే నరికేస్తారు."

హెబ్రోను గుండె కుదుటపడింది. మనుషులు ఏమన్నా అంటారు గానీ మిషనుకు ఎవరి మీదా కోపం ఉండదు కదా అనుకున్నాడు.

మరునాడు తోపులో సూదులు కోశారు. సరుగుడుకు ఆకులంటే ఆ సన్నటి పచ్చ పుల్లలే. కోసిన వెంటనే వాటిని గాజు గొట్టాల్లో పెట్టి, మూతికి మైనం కరిగించి పొయ్యాలి. గాలికి ఆరితే లెక్క తప్పుతుంది. ఆ సముద్రపు గాలికి స్పిరిట్ దీపం నిలిస్తేనా! అగ్గిపుల్లలు గీసి గీసి పద్మనాభయ్య విసిగిపోయాడు. ఆ పనేదో ఇంట్లోనే చేద్దామని సూదుల మూటను హెబ్రోను గుడిసెకు పట్టించాడు. "ఆరనివ్వకమ్మా, జాగ్రత్త" అని మగ్దలీనమ్మ చేతికిచ్చి, హెబ్రోనును వెంటబెట్టుకుని నీళ్లు పట్టడానికి దొరువుకు వెళ్లాడు.

ఆరనివ్వకుండా ఉంచడం ఆ తావున ఎవరికి తెలియదు? నెల్లూరు బజారుకు పోయే మల్లెపూలైనా, ఆకుకూరైనా నీళ్లు చిలకరించి తడిగుడ్డలో చుట్టాల్సిందే. మగ్దలీనమ్మ కుండలోంచి చెంబుడు నీళ్లు తీసి సూదులను బాగా తడిపింది. తడిగుడ్డలో చుట్టి నీడన పెట్టింది. పద్మనాభయ్య వచ్చే వేళకు గుడ్డ విప్పి, దులిపి, కొంగుతో అద్ది ఇచ్చింది. మిగిలిన చెమ్మ చూసి మూట ఉక్కకు చెమర్చిందని ఆయన అనుకున్నాడు. అడిగితే ఆమె చెప్పేదే. అడగలేదు.

వానలకు ముందు పద్మనాభయ్య మళ్లీ వచ్చి, సూదుల్లో నీళ్లూ దొరువు నీళ్లూ దాదాపు ఒకటేనని చెప్పి వెళ్లిపోయాడు. గొడ్డళ్లు దిగాయి. సగం తోపు నేలకూలిన రోజు మగ్దలీనమ్మ పడిపోయిన మాను మీద చెయ్యి వేసి ఏడ్చింది.

"తడిగుడ్డలో చుట్టి అంత పచ్చగా ఉంచినానే, ఆ సూదులే దీన్ని చంపినాయి గదయ్యా!"

హెబ్రోను ఆమెను తనవైపు తిప్పుకున్నాడు. "తడిగుడ్డా? ఏం నీళ్లు చల్లినావే?"

"ఇంట్లో ఇంకేం నీళ్లుంటాయి? దొరువు నీళ్లే."

హెబ్రోను పరుగున పోయి, నరికేవాళ్లకు పని పురమాయిస్తున్న మాలకొండయ్యకు జరిగిందంతా చెప్పాడు. "నిలపమను అన్నా! సారుకు కబురంపిచ్చి మళ్లీ చూపిద్దాం."

మాలకొండయ్య అతన్ని పక్కకు లాగాడు. "సగం పడినాక యాడ నిలిపేది హెబ్రోనూ? ఊరంతా ఆశ పెట్టుకోనుంది. ఇదంతా నీ పెళ్లాం చేసిందని తెలిస్తే ఆమెను బతకనిస్తారా? నోరు మూసుకోనుండు."

భార్య కోసం హెబ్రోను నోరు మూసుకున్నాడు. అక్కడే పొరపాటు చేశాడంటాను నేను. ఆ రోజు అరిచి ఉంటే సగం తోపైనా మిగిలేది.

వానలు పడ్డాయి. ప్రతి ఏడులాగే దొరువు నీళ్లు తియ్యనయ్యాయి. అది తోపు నరికిన పుణ్యమని జనం మాలకొండయ్యను పొగిడారు. ఎండలు ముదిరేసరికి నీళ్లు మునుపటికన్నా ఉప్పనయ్యాయి. అడ్డం లేని గాలి ఇసుకను ఎత్తిపోసింది. పొద్దున తోడిన దొరువు సాయంత్రానికి సగం పూడేది. అందరూ మాలకొండయ్య మీద పడ్డారు.

ఆ మర్నాడు మగ్దలీనమ్మ కడవతో దొరువు దగ్గరికి పోతే ఆడవాళ్లు అడ్డం నిలబడ్డారు. "నీళ్లు చల్లి సారును మోసం జేసి, మా కొంపల మీదికి ఇసక తెచ్చిపెట్టినావే!" అని ఒకామె కడవ లాగేసింది. గోల విని హెబ్రోను పరుగెత్తుకొచ్చాడు. మాలకొండయ్య అక్కడే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అన్నా, నువ్వన్నా చెప్పు. చెట్లు నరికేటప్పుడే నీకు చెప్పినాను గదా, నిలపమని కాళ్లా వేళ్లా పడినాను గదా!"

"నాకా?" అన్నాడు మాలకొండయ్య. "యాడ చెప్పినావు? మొన్న నీ పెళ్లాం మా ఇంటిదాని దగ్గర చెప్పుకోని ఏడ్చిందంట. అప్పుడు గదా నాకు తెలిసింది."

హెబ్రోను తనకు సాక్షి ఎవరున్నారని చుట్టూ చూశాడు.

మగ్దలీనమ్మ ఖాళీ కడవ తీసుకుని చంకనేసుకుంది. "పదయ్యా పోదాం," అంది. "చల్లింది నేనే గదా."