పాట కింద మిషన్లు

కుట్టుపని హాలు ఉన్న భవనాన్ని యజమాని అమ్మేసుకోగానే అందులో కుట్టే ఆడవాళ్ళంతా చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయారు. ఎవరి మిషను వాళ్ళింటికి చేరింది. హాలుకు పెద్దదిక్కుగా ఉన్న అత్తగారు మాత్రం ఊరుకునే మనిషి కాదు. ఎవరింట్లో వాళ్ళే కుడదాం, చొక్కా మాత్రం అందరం కలిసి చేద్దాం అంది. ఒకరు చేతులు, ఒకరు కాజాలు, ఒకరు జేబులు. కాలర్లు మాత్రం పిన్నివే. ఆమెలా కాలరు తిప్పేవాళ్ళు లేరు కాబట్టి అందరికీ ఆమె కాలర్ల పిన్నే అయింది. బడిపిల్లల చొక్కాల ఆర్డరు ఒకటి చేతిలో ఉంది. అది సమయానికి ఇస్తే గుంపు నిలబడుతుంది, లేకపోతే తలో దారీ చూసుకోవాల్సిందే.

తీరా చూస్తే ఇళ్ళలో పని నత్తనడకే. హాల్లో రోజంతా పాటలు మోగేవి, ఒక పాటకు ఒక చొక్కా చెయ్యి అయిపోవాలని వాళ్ళ పంతం. ఇంట్లో ఆ ఊపు ఎక్కడిది? అత్తగారు కోడల్ని పిలిచి, పొద్దస్తమానం కంప్యూటరు ముందు కూర్చుని ఏం చేస్తావో నాకు తెలీదు గానీ, మా అందరికీ ఒకే పాట ఒకేసారి వినిపించేలా చెయ్యగలవా అని అడిగింది. పెళ్ళయ్యాక ఆవిడ కోడల్ని నోరు తెరిచి అడిగిన మొదటి సాయం అదే. కోడలు గాల్లో తేలిపోయింది.

గుంపుకు ఫోన్లలో ఒక చాట్ ఉంది, అందులో అందరూ చేరి మాట్లాడుకునే గది ఒకటుంది. ఆ గదిలోకి ఒక బాట్‌ను, అంటే మనిషిలా గదిలో చేరే ప్రోగ్రామును, కూర్చోబెట్టి దానిచేత పాటలు పాడించాలి. ఆ ప్రోగ్రామంతా మొదటినుంచీ రాస్తూ కూర్చుంటే తలప్రాణం తోకకొస్తుంది. ఎవరో పుణ్యాత్ములు ముందే రాసిపెట్టిన కోడు, లైబ్రరీ అంటారు, దొరికింది. పాటలు పంపే సర్వరుకూ బాట్‌కూ మధ్య నిలబడి, పెట్టు అంటే పెడుతుంది, ఆపు అంటే ఆపుతుంది, వరసలో తరవాతి పాటను తనే అందుకుంటుంది. చెప్పిన మాట అంత బుద్ధిగా వినేది ఆ ఇంట్లో అదొక్కటే.

అయినా మొదటిరోజే కొంప ముంచింది. వరసలో పాటలు అయిపోగానే గదిలోంచి వెళ్ళిపోవడం ఆ లైబ్రరీ అలవాటు. బాట్ వెళ్ళిపోయింది కదా, పని ముగిసిందనుకుని అందరూ మిషన్లకు గుడ్డలు కప్పి లేచారు. అత్తగారు అగ్గిమీద గుగ్గిలమైంది. కోడలు ఆ అలవాటు మాన్పించింది.

తరవాత గోల మొదలైంది. ఒకరింట్లో టీవీ మాటలు, ఒకరింట్లో పసిపిల్ల ఏడుపు, అందరిళ్ళలోనూ కబుర్లు. ఆ సందట్లో పాట కొట్టుకుపోయింది. కోడలికి చిరాకేసి, గదిలోకి అడుగుపెట్టిన ప్రతివాళ్ళ మైకునూ బాట్ మూసేసేలా ఒక్క లైను రాసింది. ఇక పాట తేటగా వినిపించింది. తన పనితనానికి తనే మురిసిపోయింది.

పని మాత్రం ఇంకా మందగించింది. జేబులావిడకు ఎప్పుడూ తలనొప్పే, కాజాలావిడకు ఎప్పుడూ చుట్టాలే. ఒక మధ్యాహ్నం కాలర్ల పిన్ని తాను మానేస్తున్నాననీ, బట్టల దుకాణంలో పని చూసుకున్నాననీ చాట్‌లో రాసింది. అత్తగారి గుండెల్లో రాయి పడింది. కాలర్లు లేని చొక్కాలు ఎవరికి కావాలి? వెంటనే ఫోను చేసి, పాటలు బాగా లేవా అని అడిగింది. కోడలు పక్కనే నిలబడి వింటోంది.

పిన్ని అంది, "పాటకేమక్కా, బ్రహ్మాండంగా ఉంది. గదిలోనే ఎవరూ లేరు."

అత్తగారికి అర్థం కాలేదు, కోడలికి అయింది. అయి సిగ్గుతో చచ్చిపోయింది. రోజంతా చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఒంటరిగా పనిచేసే తనకు అది మామూలే. అదే ఒంటరితనాన్ని ఇంటింటికీ పంచిపెట్టి, సాయం చేశానని సంబరపడింది. తన మీద తనకే ఒళ్ళు మండింది.

ఆ లైను తీసేసింది. పాట గొంతు సగానికి తగ్గించింది. అయినా మిషన్లు వినిపించలేదు. ఆ చాట్ యాప్‌కు మనిషి మాట తప్ప మిగతాదంతా చెత్త కిందే లెక్క, మిషను చప్పుడును దారిలోనే ఊడ్చి పారేస్తుంది. కోడలు ఒక్కొక్కరికీ ఫోను చేసి ఆ సెట్టింగు ఎక్కడుందో చెప్పి తీయించింది. పిన్నికీ చేసింది. పిన్ని అంతా విని, సరేనమ్మా అని మాత్రం అంది.

మర్నాడు పొద్దున పాట మొదలైంది. పాట కింద ఒక మిషను కదిలింది, తరవాత ఇంకొకటి, ఆ వెనకే మరో రెండు. ఎవరింట్లోనో కుక్క మొరిగింది. కాజాలావిడ చుట్టాలు వెళ్ళారా అని ఎవరో అడిగారు, అందరూ నవ్వారు. పెద్ద గోల. కోడలు కంప్యూటరు వదిలేసి అత్తగారి మిషను పక్కన పీట వేసుకుని కూర్చుంది.

పిన్ని పేరు గదిలో కనిపిస్తోంది గానీ చప్పుడు లేదు. వీడ్కోలు చెప్పడానికి వచ్చిందేమోనని కోడలి ప్రాణం విలవిల్లాడింది. అత్తగారు కుట్టడం ఆపేసి ఫోను వైపే చూస్తోంది. పాట ముగిసింది, ఇంకో పాట అందుకుంది.

అప్పుడు మిగతా మిషన్ల మధ్యలోంచి కిర్రు కిర్రుమంటూ ఒక ముసలి మిషను కదిలింది. ఒక్కసారిగా అందరూ చేతులాపారు. అది ఎవరిదో ఆ గదిలో తెలియనివాళ్ళు లేరు.

అత్తగారు కళ్ళు తుడుచుకుంది, గొంతు మాత్రం ఎప్పటిలాగే కటువుగా పెట్టింది. "ఏమే, దానికి నూనె వెయ్యలేదా?"

"హాల్లో ఉన్నప్పుడు రోజూ నువ్వేగా వేసేదానివి," అంది పిన్ని. "సాయంత్రం వచ్చి వెయ్యి. కాలర్లు కూడా పట్టుకుపోదువుగాని."