పోతషెడ్డు గుమ్మం పక్క బోర్డు

ఏమోయ్ అల్లుడూ, ఫోన్లో తల దూర్చి ఎక్కడికి పోతున్నావ్? ఇటు చూడు, స్టోరు రూములో, విరిగిన కుర్చీల పక్కన! పలకరిస్తే అలా బిగుసుకుపోయావేంటి, దెయ్యాన్ని కాదులే. నేను ఒక నోటీసు బోర్డుని. టేకు చట్రం, పచ్చగుడ్డ, అద్దాల తలుపు. నీ ఫోనుకన్నా వెడల్పే.

కాకినాడ వడ్రంగి ఒకాయన నన్ను చేశాడు. పెద్దాపురం రోడ్డులో పంపులు పోతపోసే ఈ ఫ్యాక్టరీకి తెచ్చి, షెడ్డు గుమ్మం పక్కన గోడకి బిగించారు. టైమాఫీసులో హాజరు రాసే ఆవిడ, కనకరత్నంగారు, పొద్దున్నే కాగితం గుచ్చి వెళ్లేవారు. షిఫ్టు ఎక్కేముందు అరవైమందీ నా ముందు మూగేవాళ్లు. సగంమందికి చదువు రాదు మరి. పోతమేస్త్రీ గవర్రాజు నా మీద వేలు ఆనించి, గొంతెత్తి వినిపించేవాడు. అది విన్నాకే లోపలికి అడుగు.

కిందటేడు మేనేజరు భీమశంకరంగారు ఇంట్రానెట్టు పెడదామన్నారు. అంటే కంపెనీవాళ్లకి మాత్రమే తెరుచుకునే సైటు. కబుర్లు, డ్రాయింగులు, మెషీన్ల పుస్తకాలు అన్నీ అందులోనే. కొనేముందు ఓ వారం ఆఫీసు కంప్యూటర్లలో పెట్టి చూశారు.

సరిగ్గా ఆ వారమే, కరిగిన ఇనుము మోసే తొట్టి గొలుసు బీటలిచ్చింది, వాడొద్దు అని కబురొచ్చింది. దాన్ని కంప్యూటర్లో పెట్టారు, నా మీద పెట్టడం మర్చిపోయారు. ఆఫీసులో పదకొండుమంది చూసి బొటనవేలు బొమ్మ నొక్కారు. షెడ్డులో ఒక్కడికీ తెలీదు.

గొలుసు తెగింది. తొట్టి మీద పడి, షెడ్డు పనివాడు సత్తిరాజు కుడిపాదం పోయింది. నేనేమో ఖాళీ గుడ్డతో, తళతళలాడే అద్దంతో గోడకి వేలాడుతున్నాను.

నెల తిరిగాక నా ఎదురుగానే మీటింగు పెట్టారు. కొనడానికి చూసిన రెండు రకాల సైట్లు చూపించి, ఏది కావాలో షెడ్డు తరఫున చెప్పమని గవర్రాజుని అడిగారు. ఇక్కడ తప్పుగా ఎంచుకుంటే ఇంకో కాలు పోతుందని అందరికీ తెలుసు.

"ఇది అక్షరాలు చూపిత్తాదండి, అది మాట వినిపిత్తాదండి. వినిపించేదే పెట్టండి. గుమ్మంలో గట్టిగా మోగాలి."

"దాంట్లో డ్రాయింగులకి చోటు తక్కువయ్యా," అన్నారు మేనేజరుగారు.

"డ్రాయింగు ఓ పూట ఆగుద్దండి. గొలుసు ఆగుద్దా?"

 భీమశంకరంగారు తల వంచుకుని సంతకం పెట్టేశారు. నా ఉద్యోగం పోయిందని తెలిసినా మురిసిపోయాను. చదువొచ్చినవాడు చదువురానివాళ్ల కోసం ఎంత గట్టిగా నిలబడ్డాడో అని.

నన్ను ఇక్కడికి మోసుకొచ్చారు. మర్నాడు పొద్దున గుమ్మంలో పెట్టిన స్పీకరులోంచి కనకరత్నంగారి గొంతు మోగింది. ఆ రోజు వాడకూడని తొట్టి ఏదో చెప్పారు. అరవైమందీ కదలకుండా విన్నారట.

మధ్యాహ్నం ఆవిడా, గవర్రాజూ వచ్చారు. నా మీద చివరి కాగితం అలాగే ఉంది, గవర్రాజుని భద్రత మేస్త్రీగా వేసిన ఆర్డరు.

"రత్నంగారూ, ఇందులో నా పేరెక్కడుందండీ?"

ఆవిడ అతని వేలు పట్టుకుని ఓ వరస మీద ఆనించింది. చాలాసేపు అక్కడే ఉంచాడు.

"ఇన్నేళ్లూ టీకొట్టుకాడ మీరు చెప్పింది గుర్తెట్టుకొచ్చి అప్పజెప్పేవోణ్ణండి. మీకు అనుమానం రాలేదా?"

"పిచ్చోడా, నాకసలు టీ పడదు. రోజూ ఎందుకు వచ్చేదాన్ననుకున్నావ్?"

అదీ సంగతి అల్లుడూ. నన్నింత శ్రద్ధగా చదివేవాడు జిల్లాలోనే లేడని పద్దెనిమిదేళ్లు ఉబ్బిపోయాను. పాపం, అతగాడు నా మీద ఒక్క అక్షరమూ చదవలేదు.