కోత పండుగకు ముప్పై రెండు అడుగులు

పెళ్ళయి మూడు నెలలైంది. ఈ మూడు నెలల్లో నా మొగుడు వినోద్ కుమార్ గురించి నేను కనిపెట్టినవి చాలా ఉన్నాయి. కారం దోసె తినేటప్పుడు అంచులన్నీ ముందు తను తినేసి, ఎర్రగా కారం పూసిన నడిమి ముక్కను చివర్లో నా ప్లేటులో వేస్తాడు. బండి మీద పోతూ దారిలో కనిపించే మైలురాళ్ళన్నీ పైకి చదువుతాడు. ముద్దనూరు పదకొండు, ముద్దనూరు పది. వెనక కూర్చున్న నాకు అవి ప్రేమలేఖల్లా వినిపిస్తాయి. ఏం చేయను, కొత్త పెళ్ళికూతుర్ని.

అతను నా గురించి కనిపెట్టనిది ఒకటుంది. నాకు పాట రాదు.

వేరే ఇంట్లో అయితే ఇదేమంత విషయం కాదు. నేను కోడలిగా వచ్చిన ప్రొద్దుటూరు ఇల్లు మాత్రం పాటల ఇల్లు. మామయ్య దయానందం గారు పోస్టాఫీసులో పని చేసి రిటైరయ్యారు. నలభై ఏళ్ళుగా చర్చిలో హార్మోనియం ఆయనదే. అత్తమ్మ రత్నమణి గారు పాటల బృందానికి పెద్ద. వినోద్‌ది పులివెందుల పశువుల ఆసుపత్రిలో ఉద్యోగం, ఆదివారం మాత్రం తబలా. మా ఇంట్లో కుక్కర్ విజిల్ వేస్తే అది ఏ శ్రుతిలో వేసిందో చర్చ నడుస్తుంది.

పెళ్ళిచూపులనాడు అత్తమ్మ, "పాప పాడతాదా?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే మా పెద్దమ్మ అందుకుంది. "పాడకేం వదినా, పులివెందుల చర్చిలో మా ఎస్తర్ లేకుంటే కీర్తన మొదలే కాదు."

ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు. కీర్తనల నంబర్లు బోర్డు మీద పెట్టేది నేనే.

అసలు సంగతి ఏడో తరగతిలో మొదలైంది. క్రిస్మస్ పాటలు నేర్పే టీచరు నా పక్కకొచ్చి, చెవి పెట్టి విని, నా బుగ్గ మీద తట్టి, "ఎస్తరూ, నువ్వు పెదాలు కదిలించమ్మా, చాలు" అన్నారు. తిట్టలేదు, కసరలేదు. ఎంతో ముద్దుగా చెప్పారు. ముద్దుగా చెప్పింది కాబట్టే నిజమని నమ్మేశాను. ఆనాటి నుంచి పదిహేనేళ్ళు పెదాలు కదిలించాను. ఎక్కడ ఊపిరి పీల్చాలో, ఏ మాట దగ్గర కళ్ళు మూసుకోవాలో, ఎప్పుడు కనుబొమలు పైకెత్తాలో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. అత్తమ్మ గొంతు పక్కన నిలబడితే ఇంక చెప్పేదేముంది? ఇద్దరం పాడినట్టే ఉంటుంది.

అంతా సాఫీగా సాగుతుంటే కోత పండుగ వచ్చి పడింది.

నవంబరు చివరి ఆదివారం మా చర్చిలో తొలి పంటను దేవునికి ఇస్తారు. గుమ్మడికాయలు, కోళ్ళు, జొన్న కంకులు, చీనీకాయలు, అరటిగెలలు, చివరికి ఒకాయన ఏటా తెచ్చే రెండు లీటర్ల పాలు కూడా వస్తాయి. ఆ ఏడు పెళ్ళయి వచ్చిన కోడలు ఒక బుట్ట పట్టుకుని గుమ్మం నుంచి బలిపీఠం దాకా ఒంటరిగా పాడుకుంటూ నడవాలి. ఆ బుట్ట అక్కడి బల్ల మీద ఆనేదాకా చర్చిలో ఇంకెవరూ గొంతు కలపకూడదు. పాట మామయ్య ముప్పై ఐదేళ్ళ క్రితం కట్టింది. "చేనంతా నీదే, చేతిలో గింజే నాది" అని మొదలవుతుంది. మొట్టమొదట ఆ పాట పాడిన కొత్త కోడలు మా అత్తమ్మే.

అక్టోబరులో ఒక ఆదివారం చర్చి పాస్టరు అయ్యగారు ప్రకటించారు. "ఈ ఏడు దయానందం గారి కోడలు పాడుతుంది. ఆమె లెక్కల టీచరు కూడా." ఆ రెండో మాట ఎందుకన్నారో తెలియదు కానీ, నేను వెంటనే లెక్క పెట్టాను. గుమ్మం నుంచి బలిపీఠానికి ముప్పై రెండు అడుగులు.

ఆ శనివారం వినోద్ నన్ను గండికోటకు తీసుకుపోయాడు. లోయ అంచున బండ మీద కూర్చుని బొరుగుల మిక్చరు తింటున్నాం. కింద పెన్న పచ్చగా మెరుస్తోంది.

"ఏమండీ, ఒకటి చెప్తా. నవ్వకూడదు."

"నవ్వితే?"

"ఈడనుంచే తోసేస్తా."

"సరే, చెప్పు."

"నాకు పాట రాదు."

"అంతేనా? నువ్వు మొహం పెట్టిన తీరుకు ముందే ఒక పెళ్ళయిందేమో అనుకుంటి."

"అంతే."

"మళ్ళ ప్రతి ఆదివారం నా ఎదురుగా నిలబడి పాడతాండేది ఎవరు?"

"మీ అమ్మ. నేను ఊరికే పెదాలు ఆడిస్తా."

నవ్వనని మాటిచ్చిన మనిషి కడుపు పట్టుకుని నవ్వాడు. సెల్ఫీలు తీసుకుంటున్న బెంగళూరు వాళ్ళు తిరిగి చూశారు. తోసేద్దామనుకున్నాను కానీ నవ్వితే అతని ఎడమ బుగ్గ మీద సొట్ట పడుతుంది, అది నాకు కావాలి.

"సరే, ఇప్పుడు పాడు. ఎవరు వింటారు ఈడ?"

నోరు తెరిచాను. పెదాలు ఎంతో అందంగా కదిలాయి. గొంతు రాలేదు.

అతను నవ్వు ఆపాడు. "పోనీలే ఎస్తరూ. అమ్మకు నేను చెప్తా. గొంతు బాగలేదంటాం. ఇంకెవరన్నా పాడతారు. దీనికోసం ఎందుకు ఏడ్చేది?"

ఆ మాట వినగానే ప్రాణం తేలికైంది. బండి మీద తిరిగి వస్తూ అతను మైలురాళ్ళు చదువుతుంటే, నేను మనసులో గొంతు నొప్పికి ఏ మాత్రలు వేసుకోవాలో కూడా నిర్ణయించుకున్నాను.

సోమవారం బడికి పోయాను. మా ప్రభుత్వ ఉన్నత పాఠశాల జమ్మలమడుగు నుంచి పెద్దముడియం పోయే దారిలో ఉంది. బస్సు దిగితే రెండు వైపులా నల్లరేగడి, అప్పుడే మొలకెత్తిన శనగ. తొమ్మిదో తరగతి గోడ మీద నేనే ఎర్ర స్కెచ్ పెన్నుతో రాసి అంటించిన అట్ట ఒకటుంది. "'నాకు రాదు' అనే మాట ఈ గదిలో వినపడకూడదు." మా హెడ్మాస్టరు దాన్ని ఫొటో తీసి గ్రూపులో కూడా పెట్టారు.

ఆరోజు బీజగణితం. ఎక్స్ ప్లస్ మూడు, హోల్ స్క్వేర్. లెక్కిచ్చి బెంచీల మధ్య తిరుగుతున్నాను. కిటికీ పక్కన పావని వంగి రాసుకుంటోంది. నుదురు ముడిచింది. మధ్యలో ఒకసారి తల ఊపింది. కాసేపు ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ రాసింది. ఎంతో శ్రద్ధగల పిల్ల అనుకుంటూ దగ్గరికి పోయి చూద్దును కదా, పెన్ను కాగితానికి వెంట్రుకవాసి పైన కదులుతోంది. పుస్తకం తెల్లగా ఉంది.

ఇంకొకరైతే కనిపెట్టేవారు కాదేమో. నాకు ఆ విద్య తెలుసు.

అన్నం బెల్లు కొట్టాక ఆ పిల్లను ఆపాను.

"పావనీ, ఎప్పటినుంచి?"

"ఏంది మేడం?"

"పెన్ను ఊరికే ఆడించడం."

ఆ పిల్ల తలుపు వైపు చూసింది, కిటికీ వైపు చూసింది. రెండూ దూరమే. "ఆరో తరగతి నుంచి మేడం."

"ఎవరూ పట్టుకోలేదా?"

"రాస్తా ఉంటే ఎవురూ అడగరు మేడం. ఊరికే కూచుంటేనే అడుగుతారు."

"రాకపోతే రాదని నన్ను అడగొచ్చు కదా?"

పావని గోడ మీది అట్టను వేలితో చూపించింది. "ఆ మాట అనకూడదని మీరే రాసినారు కదా మేడం. అందుకే అనడంల్యా."

నేను ఆ అట్ట వైపు చూశాను. ఎర్ర అక్షరాల చుట్టూ పూల బార్డరు కూడా వేశాను. ధైర్యం చెప్తున్నాననుకుని పిల్లల నోళ్ళు మూయించాను. ఏడో తరగతిలో నా బుగ్గ తట్టిన టీచరు కూడా ఇంతే మంచి మనసుతో ఉండి ఉంటుంది.

అట్ట పీకి బీరువా వెనక పడేసి, పావని పక్కన బెంచీ మీద కూర్చున్నాను. ఎందుకో ఆ పిల్లకు అంతా చెప్పేశాను. టీచరు, పెదాలు, పెద్దమ్మ, కోత పండుగ.

పావని కళ్ళు ఇంతింతయ్యాయి. "దేవుని ముందర కూడా ఉత్తుత్తినే పాడినారా మేడం?"

"పదిహేనేళ్ళు."

"మీరు నాకంటే ఘనులు మేడం!" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత బేరం మొదలుపెట్టింది. "మీరు చర్చిలో పాడితే నేను బోర్డు కాడికొచ్చి లెక్క చేస్తా. అందరి ముందర."

"నేను పాడకపోతే?"

"మీరు పెదాలు ఆడించుకోండి, నేను పెన్ను ఆడించుకుంటా. ఎవురిది వాళ్ళకి బాగుంటాది."

ఆ సాయంత్రం గొంతునొప్పి మాత్రల ఆలోచన మానుకున్నాను. అత్తమ్మకు ఏమీ చెప్పొద్దని వినోద్‌తో అన్నాను. అతను ఆ పాట రాగాన్ని తన ఫోనులో ఈలగా రికార్డు చేసి పంపించాడు. ఏడు బస్సు ప్రయాణాలు అదే విన్నాను.

అన్నం బెల్లు కొట్టాక రోజూ తరగతి గదిలో మేమిద్దరమే. నేను రెండు లైన్లు పాడాలి, ఆమె ఒక లెక్క చేయాలి. మొదటి రోజు నా గొంతు తుప్పు పట్టిన గేటులా తెరుచుకుంది.

"శానా ఘోరంగా ఉండాది మేడం."

"ఏది ఘోరం? ఎక్కడ? అట్లా చెప్పు."

పావని ఆలోచించింది. "రెండో లైను కాడ మెట్లు దిగినట్ల దిగాల. మీరు మిద్దె మీదనుంచి దూకతాండారు."

"నువ్వు మాత్రం? మధ్య పదం ఎక్కడ? ఎక్స్ స్క్వేర్ రాశావు, తొమ్మిది రాశావు. రెండిటి మధ్య ఆరు ఎక్స్ మింగేశావు."

ఆమె గబగబా పెన్నుతో గీకెయ్యబోయింది. చెయ్యి పట్టుకున్నాను. "గీకొద్దు. ఉండనీ. కింద అడ్డంగా ఒక గీత గీసి మళ్ళీ మొదటినుంచి చెయ్."

"తప్పు కనపడతాది కదా మేడం?"

"కనపడనీ. ఎక్కడ తప్పిందో నీకు తెలియాలి కదా."

నాకు పాఠాలు చెప్పే పని మొదలై నాలుగేళ్ళు. నేర్చుకునే పిల్ల పొట్టలో ఏం జరుగుతుందో నాకు ఆ మూడు వారాల్లోనే తెలిసింది. పది మందిలో తప్పు చేయకుండా నేర్చుకోవాలని పోతే అసలు మొదలే పెట్టం. పావని ముందు ఒకటికి పదిసార్లు ఘోరంగా పాడాక, పదకొండోసారి తక్కువ ఘోరంగా వచ్చింది. ఆ మాత్రానికే ఆ రోజు బస్సులో పక్క సీటావిడకు శనగలు కొనిపెట్టాను.

కోత పండుగ రానే వచ్చింది. పులివెందుల నుంచి మా నాన్న పంపిన చీనీకాయలు బుట్టలో పేర్చి, నెమలికంఠం రంగు పట్టుచీర కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. చర్చి నిండా జనం. ఎక్కడో ఒక కోడి కొక్కొక్కో అంటోంది. మామయ్య శ్రుతి ఇచ్చారు. వినోద్ తబలా మీద వేళ్ళు పెట్టుకుని నా వైపు చూసి సొట్ట చూపించాడు.

మొదలుపెట్టాను. రెండో అడుగులోనే తెలిసిపోయింది, ఎక్కడో ఆకాశంలో ఎత్తుకున్నానని. మామయ్య వేళ్ళు హార్మోనియం మెట్ల మీద నన్ను వెతుక్కుంటూ పరుగెత్తాయి. నేను దొరకలేదు. ఏడో అడుగు దగ్గర గొంతు చీలి ఆగిపోయింది.

చిన్నపిల్లలెవరో కిసుక్కుమన్నారు. అప్పుడు చూశాను, పాటల బృందంలో ముందు నిలబడ్డ అత్తమ్మ ఊపిరి పీల్చి నోరు తెరుస్తున్నారు. ఆనవాయితీ తప్పినా సరే, నా కోసం ఎత్తుకోబోతున్నారు. ఆమె గొంతు లేస్తే చాలు. మిగిలిన ఇరవై ఐదు అడుగులు నేను పెదాలు కదిలిస్తూ హాయిగా నడిచిపోవచ్చు. ఒక్క మనిషీ తప్పు పట్టడు.

"ఆగండి అత్తమ్మా," అన్నాను. నిండు చర్చిలో అంత గట్టిగా మాట్లాడటం అదే మొదటిసారి. "మళ్ళీ మొదటినుంచి పాడతా."

వెనక్కి తిరిగి ఏడడుగులూ గుమ్మం దాకా నడిచాను. మామయ్య కళ్ళజోడు సర్దుకుని, హార్మోనియం మీద రెండు మెట్లు కిందికి దిగి శ్రుతి ఇచ్చారు. ఈసారి నేల మీదనుంచి ఎత్తుకున్నాను. బాగా పాడానని చెప్పను. పదో అడుగులో ఊపిరి చాలలేదు, ఇరవయ్యో అడుగులో ఒక మాట మింగేశాను. కానీ రెండో లైను దగ్గర మాత్రం మెట్లు దిగినట్టే దిగాను. ముప్పై రెండో అడుగులో బుట్ట బల్ల మీద ఆనింది. చర్చి అంతా ఒక్కసారిగా గొంతు కలిపింది. ఆ హోరులో ఎవరికీ వినపడకపోయినా, నేను ఆపకుండా పైకే పాడుతున్నాను.

బయట కానుకల వేలంపాట మొదలైంది. నా చీనీకాయల బుట్టను మా మొగుడే పట్టుబట్టి దక్కించుకున్నాడు. అత్తమ్మ టీ గ్లాసు నా చేతికిచ్చి, కొంగుతో నా నుదుటి చెమట తుడిచారు.

"ఇన్ని దినాలు నా పక్కన గాలి పాడతాండె. ఈ పొద్దు మనిషి పాడింది."

"మీకు తెలుసా అత్తమ్మా?"

"పక్కన నిలబడేదాన్ని, తెల్దా ఏంది?"

"మరి అడగలేదే?"

"నోరు ఆడిస్తాండే మనిషిని ఏమని అడిగేది పాపా?" అని నవ్వి, "వచ్చే ఆదివారం నా ఎడమ పక్క నిలబడు. ఆ చెవికి బాగా వినపడతాది," అన్నారు.

సోమవారం నేను బస్సు దిగేసరికి పావని గేటు దగ్గరే కాపలా కాస్తోంది.

"పాడినారా మేడం?"

"పాడినా."

"తప్పు వచ్చిందా?"

"వచ్చింది. మొదట్లోనే."

"మళ్ళ ఏం చేసినారు?"

"వెనక్కి పోయి మొదటినుంచి పాడినా."

"అందరూ చూస్తాండంగానా?" పావని మొహం వాడిపోయింది. నేను మధ్యలో మానేసి ఉంటే బేరం తప్పేదని ఆశ పెట్టుకున్నట్టుంది పాపం. సంచి భుజాన సర్దుకుని, "సరే పదండి," అంది, ఇంజక్షనుకు పోయే మనిషిలా.

తరగతిలో చాక్‌పీసు తీసుకుని బోర్డు మీద లెక్క వేసింది. ఎక్స్ ప్లస్ ఐదు, హోల్ స్క్వేర్. ఎక్స్ స్క్వేర్ రాసింది, పక్కనే ఇరవై ఐదు రాసేసింది. వెనక బెంచీలో ఎవరో నవ్వారు. పావని చెయ్యి డస్టరు వైపు పోయింది. అక్కడే ఆగింది. నా వైపు చూడలేదు. ఆ లైను కింద అడ్డంగా ఒక గీత గీసి మళ్ళీ మొదలుపెట్టింది. ఎక్స్ స్క్వేర్, ప్లస్ పది ఎక్స్, ప్లస్ ఇరవై ఐదు. ఆ పది ఎక్స్ మిగతా వాటికంటే రెండింతలు పెద్దగా రాసింది.

పిల్లలు చప్పట్లు కొట్టారు. పావని చేతులు దులుపుకుని క్లాసు వైపు తిరిగింది. "మేడం కూడా నిన్న చర్చిలో పాడినారు. మనకు కూడా పాడమని అడగండి."

నలభై రెండు మంది ఒక్కసారిగా అరిచారు, "పాడండి మేడం!"

"అయ్యో, ఇక్కడా? నాకు రా..." అని నాలుక కరుచుకున్నాను.

పావని చాక్‌పీసుతో బోర్డు మీద అడ్డంగా ఒక గీత గీసి, చేతులు కట్టుకుని నిలబడింది.

పాడాను. పక్క తరగతి నుంచి హెడ్మాస్టరు తొంగి చూసి వెళ్ళిపోయారు.