చింతపండుతో తోమిన చిల్లుకాణీ

నేను ఒక చిల్లుకాణీని. నాకు అన్నిటికన్నా భయం పసిపిల్లల నోరంటే. కొలిమి అన్నా ఇంత భయం లేదు. కొలిమిలో పడితే నేను ఒక్కదాన్నే పోతాను, కరిగి రేపు ఏ చెంబుకో అడుగునవుతాను. పసిపిల్ల నోట్లో పడితే అలా కాదు. ఆ భయం నిజమైన రోజు గురించే చెప్పాలని కూర్చున్నాను. అయినా ముందు నేనెవరో తెలియాలి కదా.

యుద్ధం రోజుల్లో పుట్టాను. రాగికి కరువొచ్చిందని మా మధ్యభాగం తొలిచేసి, ఆ రాగి ముక్కని దాచుకునేవాళ్ళు. అందుకే మా కాణీలన్నీ ఉంగరాల్లా ఉండేవి. ఒకవైపు చిన్న కిరీటం, రెండోవైపు ఆకుల దండ. నా వంతు వచ్చేసరికి మర కొంచెం పక్కకి జరిగిందో ఏమో, నా చిల్లు నడిమధ్యన పడలేదు. ఓ పక్క అంచు సన్నంగా, ఓ పక్క లావుగా ఉండిపోయాను. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. కాణీ ఇస్తే కాణీ సరుకు వచ్చేది, చిల్లు ఎక్కడుంటే ఎవరికేం?

సోడాబండి వాడి గల్లాలో ఉన్నాను, పూలమ్మే ఆవిడ కొంగు ముడిలో ఉన్నాను. కొందరు మమ్మల్ని పోగొట్టుకోకుండా దారానికి గుచ్చి మెళ్ళో దండలా వేసుకునేవాళ్ళు. అలా తిరిగి తిరిగి చీరాల చేరాను. అక్కడ రాఘవమ్మ అనే నేతపనావిడ తమలపాకులు కొంటే చిల్లరలో ఆమె చేతికొచ్చాను. ఇంటికెళ్ళి నన్ను నల్లతాడుకి గుచ్చి, పసివాడైన కొడుకు మొలకి కట్టింది. దిష్టి తగలదని. ఆ తాడు మీద ఉండగానే అణాలు పోయి నయాపైసలొచ్చాయి. బజార్లో నన్నిక ఎవరూ పుచ్చుకోరు. ఆ ఇంట్లో మాత్రం నా పరపతి పెరిగింది. పిల్లాడికి జ్వరం తగ్గినా నా వల్లే, మెట్ల మీంచి పడి లేచినా నా వల్లే. నేను చేసిందేమీ లేదు. వేలాడుతూ ఉండేదాన్ని, అంతే.

ఆ పిల్లాడు పెద్దవాడయ్యాడు, కోటమ్మని పెళ్ళి చేసుకున్నాడు. వాళ్ళకి పుట్టిన శేషగిరి మొలకీ నన్నే కట్టారు. మగ్గం పోయింది, ఆ పెద్దాయనా పోయాడు. శేషగిరి ఇప్పుడు బజార్లో చీరల కొట్లో పని చేస్తాడు. భార్య పేరు హైమావతి. ఇద్దరికీ ఒక కూతురు, హంసిక.

పిల్లకి ఉయ్యాల వేసిన రోజున కోటమ్మ పెట్టెలోంచి నన్ను తీసి మొలతాడుకి ముడేసింది. హైమ పక్కనే నిలబడి చూస్తోంది.

"ఊడిపోదు కదా అత్తయ్యా?"

"మీ ఆయన మొలకి ఉన్నప్పుడు ఊడలేదే. ఇప్పుడంటే ఆ నడుముకి ఏ తాడూ చాలదనుకో."

అందరూ నవ్వారు, శేషగిరి కూడా. హైమ నవ్వుతూనే వేలితో ముడిని ఒకసారి లాగి చూసింది. ఆ తర్వాత రోజూ స్నానం చేయించేటప్పుడు లాగి చూసేది. ఆ వేలు నాకు బాగా గుర్తు.

హైమకి భయం ఎక్కువని ఆ ఇంట్లో పేరు పడిపోయింది. దానికి కారణం ఒక గుండీ. ఓసారి శేషగిరి చొక్కా గుండీ కనబడకపోతే, పిల్ల మింగేసిందని ఏడుస్తూ ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఎక్స్‌రే ఫొటో తీశారు, ఏమీ లేదన్నారు. ఇంటికొస్తే ఆ గుండీ దిండుగలీబులో దొరికింది. అప్పటినుంచి హైమ ఏం అన్నా సరే, "మన గుండీ డాక్టరమ్మ చెప్తోంది, వినండి" అనేవాడు శేషగిరి. కోపంగా కాదు, నవ్విస్తూనే. నవ్వించే మాటకి ఎదురు చెప్పడం కష్టం. హైమ నోరు తగ్గించుకుంది. కళ్ళు మాత్రం ఎక్కువ తెరుచుకుంది.

శేషగిరికి పాత నాణేల పిచ్చి. ఒక ఆల్బమ్ ఉంది, ప్లాస్టిక్ అరల్లో ఎద్దుబొమ్మ పైసలు, పువ్వులాంటి అంచున్న పది పైసలు, ఏవేవో జాతరల జ్ఞాపక పతకాలు. ఫోన్లో వీడియోలు చూస్తాడు. ఈ నాణెం మీ దగ్గరుంటే మీరు లక్షాధికారులే అని ఒకడు చెప్తుంటాడు. అవి అతని దగ్గర ఎప్పుడూ ఉండవు. ఒకరోజు పిల్లని ఎత్తుకున్నప్పుడు నన్ను పట్టి చూశాడు. చూసి చూసి, "హైమా, దీని చిల్లు పక్కకి ఉంది" అన్నాడు, నేను వాళ్ళింటికి నిన్ననే వచ్చినట్టు.

ఫొటో తీసి గుంటూరులో పాత నాణేలు కొని అమ్మే షరీఫ్ గారికి పంపాడు. అచ్చు తప్పిన వాటిని అడిగేవాళ్ళున్నారు, ఆదివారం వచ్చి చూస్తాను అన్నాడాయన. చిల్లు సరిగ్గా పడినవాటికి ఏమీ రాదట, తప్పుగా పడినందుకు డబ్బట. మనుషుల లెక్క నాకు మొదటినుంచీ అర్థం కాదు. ఆ డబ్బుతో కొనబోయే స్కూటీకి శేషగిరి రంగు కూడా అనుకున్నాడు.

ఆదివారం పొద్దున తాడు కత్తిరించి నన్ను తీశాడు. హైమ మొహంలో నేను చూసింది సంతోషమే. పీడా పోయింది అన్నట్టు ఊపిరి వదిలింది. నాకూ అదే అనిపించింది.

అప్పుడు కోటమ్మ నన్ను చేతిలోకి తీసుకుని, "పెద్దమనిషి వస్తుంటే ఈ మొహంతో చూపిస్తామా?" అంది. పెరట్లోకి తీసుకెళ్ళి చింతపండు, ఉప్పు వేసి దీపపు కుందిని తోమినట్టు తోమింది. ముత్తాతల కాలంనుంచి పట్టిన నలుపు కాలవలో కలిసిపోయింది. నేను పుట్టినరోజున ఎలా ఉన్నానో అలా తళతళమన్నాను. నిజం చెప్పొద్దూ, కాసేపు నాకూ బాగానే ఉంది.

షరీఫ్ గారు చాప మీద కూర్చుని నన్ను భూతద్దం కింద పెట్టారు. పెట్టగానే భూతద్దం తీసేశారు.

"ఎవరు తోమారమ్మా దీన్ని?"

"నేనే బాబూ," అంది కోటమ్మ, మెచ్చుకుంటాడనుకుని. "చింతపండేసి."

"పాత నాణేనికి ఆ నలుపే వయసమ్మా. అది పోయాక మా వాళ్ళు ముట్టుకోరు. ఇక్కడ మొలతాడు ఒరిసి గాడి పడింది, దానికి సర్దుకోవచ్చు. తోమినదానికి మాత్రం నేను ధర కట్టలేను."

"మురికిగా ఉంటే డబ్బులిచ్చి, శుభ్రంగా ఉంటే ఇవ్వనంటారా? ఇదేం బేరం?"

"మా బేరం అంతేనమ్మా," అని ఆయన కూడా నవ్వారు.

శేషగిరి వాళ్ళమ్మ వంక ఒక చూపు చూశాడు. ఆల్బమ్ తెచ్చి ఇంకేమైనా పనికొస్తాయేమో చూడమన్నాడు. ఏదో పాత పట్టాభిషేకపు పతకం ఒకటి ఆయనకి నచ్చింది, ముగ్గురి తలలూ దానిమీదకి వంగాయి. నేను చాప అంచున ఉండిపోయాను. హైమ వంటింట్లో టీ పెడుతోంది.

ఇప్పుడిప్పుడే నడుస్తున్న హంసిక గోడ పట్టుకుని వచ్చింది. ఉయ్యాలలో వేసిన నాటినుంచీ మొలకి ఉన్నాను, ఒక్కసారీ నావంక చూడని పిల్ల. ఆ రోజు చూసింది. మెరుస్తున్నాను కదా. తీసి నాలికకి తగిలించింది. పుల్లగా ఉన్నాను. కొంచెం ఉప్పగా కూడా. ఆమెకి నచ్చేశాను.

నాకు నోరుంటే అరిచేదాన్ని. ఇన్నేళ్ళలో నాకు నోరు లేదని బాధపడింది ఆ ఒక్కసారే. నాలిక మీంచి జారి గొంతులోకి దిగి, కిందకి పోయే దారిలో ఇరుక్కున్నాను. అంతా చీకటి, వెచ్చదనం. పక్కనే ఎక్కడో ఆమె గుండె కొట్టుకుంటోంది. చిన్న పిట్ట రెక్కలాడించినట్టు. నేను కదిలితే నొప్పి, కదలకపోతే దారి మూసేసినట్టు. కదలకుండా ఉండటమే నాకు తెలిసిన విద్య.

పిల్ల ఒకసారి ఓకరించింది, ఏడ్చింది, తర్వాత ఏడుపు మానేసింది.

ఆ తర్వాత బయట జరిగింది వాళ్ళు చెప్పుకోగా నేను విన్నదే. షరీఫ్ గారు వెళ్ళిపోయాక ఆల్బమ్ సర్దుతూ, "ఆ కాణీ ఏది?" అన్నాడు శేషగిరి. చాప ఎత్తి చూశాడు. "ఎక్కడికో దొర్లుంటుంది. పోనీలే, ఇక దాంతో పనేముంది" అన్నాడు. అందరూ నన్ను అంతటితో వదిలేశారు. నాకు నిజంగా స్కూటీ అంత ధర పలికి ఉంటే ఇల్లు తలకిందులు చేసి వెతికేవాళ్ళు. అరగంటలో పిల్ల దాకా వచ్చేవాళ్ళు.

వెతికింది హైమ ఒక్కతే. మంచం కింద ఊడ్చింది, ట్రంకు పెట్టె జరిపింది, చెప్పుల్లో చెయ్యి పెట్టి చూసింది. ఆమె వెతికింది నాకోసం కాదు. నేను ఎక్కడో ఒక చోట కనబడాలని, కనబడితే ఇక ఆ ఒక్కచోట లేనట్టే అని.

పిల్లకి పెరుగన్నం పెడితే బయటికి తోసేసింది. చొంగ కారి గౌను ముందంతా తడిసింది.

"అత్తయ్యా, పాప మింగట్లేదు."

"పళ్ళొస్తున్నాయే. చొంగ కారదూ మరి?"

"ఏవండీ, ఆ కాణీ దొరకలేదు కదా..."

"గుండీ అయిపోయింది, ఇప్పుడు కాణీయా? పిల్ల ఆడుకుంటోంది చూడు."

ఆడుకుంటోంది, నిజమే. గిన్నెలో గరిటె వేస్తోంది, తీస్తోంది. హైమ కాసేపు నిలబడింది. ఆ కాసేపట్లో ఆమె ఏం ఆలోచించిందో నాకు ఊహ ఉంది. మళ్ళీ ఏమీ లేదని ఫొటోలో వస్తే, ఇక ఈ ఇంట్లో తన మాట జన్మలో ఎవరూ నమ్మరు. వీధిలో వాళ్ళకి కూడా ఇంకో నవ్వు. పిల్ల ఇంకోసారి మింగబోయి, మెడ ముందుకి చాచి, మొహం ముడుచుకుంది. గొంతు కండరం నన్ను నొక్కింది, నాకు తెలుసు. హైమ తువ్వాలు తీసి పిల్లని చుట్టి భుజాన వేసుకుని గడప దాటేసింది. చెప్పులు కూడా వేసుకోలేదు.

ఆసుపత్రిలో ఆమె మాట నాకు వినబడుతూనే ఉంది, పిల్ల ఛాతీ ఆమె ఛాతీకి ఆనుకుని ఉంది కదా. "నాకు సరిగ్గా చెప్పడం రాదండీ. ఎవరూ చూడలేదు, నేనూ చూడలేదు. పిల్ల మింగట్లేదు, ఒక కాణీ కనబడట్లేదు. ఇంతే తెలుసు."

ఫొటో తీశారు. నల్లటి ఫిల్ము మీద నేను తెల్లగా, ఉంగరంలా పడ్డాను. డాక్టరమ్మ వంగి చూసి, "ఇదేంటి, వాషరా?" అంది. అప్పటికి శేషగిరి ఆయాసపడుతూ వచ్చాడు. ఫిల్ము చూడగానే అతని నోట వచ్చిన మొదటి మాట, "మాదేనండీ. చిల్లు పక్కకి ఉంది చూడండి." అనేశాక ఏమన్నాడో అతనికే తెలిసింది. హైమ ఫిల్ము వంక చూస్తూ మెల్లగా కింద కూర్చుండిపోయింది.

పిల్లకి మత్తిచ్చి, సన్నని గొట్టం దించి, నా అంచు పట్టుకుని పైకి లాగారు. వెలుతురులోకి వచ్చాక నాకు మొదట వినబడింది హంసిక ఏడుపు. దానికన్నా మంచి మోత ఏ గల్లాలోనూ నేను వినలేదు.

ఇంటికొచ్చాక ఎవరి కథ వాళ్ళు చెప్పుకున్నారు. నాకు చిల్లుండబట్టే పిల్లకి ఊపిరాడిందని, కాణీయే కాపాడిందని కోటమ్మ వీధంతా చెప్పింది. నేనున్నది అన్నం దిగే గొట్టంలో, ఊపిరికీ చిల్లుకీ సంబంధం లేదని డాక్టరమ్మ చెప్పినా వినలేదు. తోమింది తానే అన్న సంగతి ఆమె ఎవరికీ చెప్పదు. ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం తన వేళ్ళ వంక చూసుకుంటుంది, నేను గమనించాను. శేషగిరి ఆ ఫిల్ము ఫొటోని నాణేల గ్రూపులో పెట్టాడు. ఎవరో దూరాన ఉన్నాయన, నాణెమూ ఫిల్మూ కలిపి ఇస్తే కొంటానన్నాడట. అందరూ వద్దని తోసిపుచ్చిన నాణేనికి ఒక పసిదాని గొంతులో పడ్డాక గిరాకీ వచ్చింది. శేషగిరి ఆ సంగతి భార్యకి చెప్పబోయి, మొహం చూసి, ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. ఆ రోజునుంచి గుండీ డాక్టరమ్మ అన్న మాట అతని నోట రాలేదు.

కోటమ్మ కొత్త నల్లతాడు తెచ్చింది. "ఈసారి రెండు ముళ్ళేస్తాను" అంది.

"వద్దత్తయ్యా" అంది హైమ. గొంతు పెంచలేదు. కోటమ్మ తాడు చుట్టి పెట్టెలో పెట్టేసింది.

హైమ స్టూలెక్కి గుమ్మం పైన మేకు కొట్టి నన్ను తగిలించింది. దిగాక ఆ స్టూలుని పెరట్లోకి తీసుకెళ్ళి పెట్టింది. ఇప్పుడు నా బతుకు అక్కడే. మళ్ళీ మెల్లగా నల్లబడుతున్నాను. ఇక్కడినుంచి ఇల్లంతా కనబడుతుంది.

పిల్ల బాగుంది. గట్టిగా అరుస్తుంది, బాగా తింటుంది. చుట్టాలొచ్చారు, ఇరుగుపొరుగు వచ్చారు. ప్రతి ఒక్కరూ హంసిక గడ్డం పట్టుకుని, ఏదీ, ఆఁ అను, నోరు తెరు తల్లీ అని ఫోను లైటు వేసి మరీ చూశారు. హైమ ఇచ్చిన టీ తాగారు, వెళ్ళారు.

వాళ్ళు వెళ్ళాక హైమ మోకాళ్ళ మీద వంగి నేలంతా అరచేత్తో తడుముతుంది. ఒక ఆవగింజ, విరిగిన గాజుముక్క, పిన్నీసు. అన్నం మెతుకు మెతుకూ వేళ్ళతో నలిపి పిల్లకి పెడుతుంది. పిల్ల గుటక వేసినప్పుడల్లా ఆమె గొంతు కూడా కదులుతుంది. తర్వాత తనకి కంచంలో పెట్టుకుంటుంది. గదిలో పిల్ల చప్పుడు ఆగితే లేచి వెళ్తుంది. వస్తుంది, కూర్చుంటుంది, మళ్ళీ లేస్తుంది. అన్నం ఎండిపోతుంది.

నాకు విలువ కట్టడానికి గుంటూరునుంచి భూతద్దం వచ్చింది. నలుపు ఎంత, గాడి ఎంత, చిల్లు ఎంత పక్కకి జరిగింది, అన్నీ చూశారు. నా కింద గుమ్మంలో అటూ ఇటూ తిరిగే మనిషి ఎంత అరిగిపోయిందో చూడటానికి ఎవరూ రాలేదు.

అందుకని మిమ్మల్ని ఒక్కటి అడుగుతాను. మీ వీధిలోనూ ఒక హైమ ఉండే ఉంటుంది. ఇవాళ ఏ పని మీదనైనా అటు వెళ్ళండి. పిల్లని అందరూ చూస్తున్నారు, మీరు ఆమెని చూడండి. తిన్నావా అమ్మాయ్ అని అడగండి. తిన్నానండీ అంటుంది. ఆ మాట నమ్మి వచ్చేయకండి. వంటింట్లోకి వెళ్ళి కంచం చూడండి.