నల్లోడి వాటా

1938 ఎండాకాలంలో కొనకనమిట్ల దగ్గరి పల్లె నుంచి మా ఆసుపత్రికి వచ్చిన శ్రీశైలమ్మకు రక్తపోటు చూస్తే పాదరసం రెండు వందల ఇరవై దాటింది. నర్సుగా నాకు పదేళ్ల అనుభవం. అయినా పరికరం చెడిందేమోనని నా చేతికి కట్టుకుని చూశాను. చెడలేదు.

ఆమెకు ముప్పై ఏళ్లు కూడా లేవు. తల పగిలిపోతోందని ఏడ్చేది. ఎడమ పక్కటెముకల కింద గడ్డ తగిలితే డాక్టరమ్మ గారు కోసి చూశారు. మూత్రపిండం మీద ఉండే, రక్తపోటును పెంచే చిన్న గ్రంథిలో కొబ్బరికాయంత నీటితిత్తి, లోపల పురుగు పిల్లలుండే రకం. పెద్ద రక్తనాళానికి అతుక్కుపోయి ఉంది. చిట్లితే బల్ల మీదే ప్రాణం పోతుందని ముట్టుకోకుండా కుట్టేశారు. ఆ గ్రంథికి ఇది రావడం పుస్తకాల్లో తప్ప చూడలేదన్నారు. ఇక నయం కాదని మొగుడికి చెప్పే పని నాకు పడింది.

మొగుడు మాలకొండయ్య గొర్రెల కాపరి. గొర్రెను కోసినప్పుడు కారిజంలో నీటిబుడగలుంటే ఏం చేస్తావని అడిగాను. పారేయడమెందుకని, మందకు కాపలా కాసే కుక్క నల్లోడికి వేస్తాడట. పిల్లల్లేని శ్రీశైలమ్మ ఆ కుక్కను ఒళ్లో పెట్టుకుని తన పళ్లెంలోనే ముద్ద పెట్టేదట. నాకు ఒళ్లు మండింది. ఆ బుడగల్లోని పురుగే కుక్క కడుపులో పెరిగి, దాని గుడ్లు మీ ఆవిడ నోట్లోకి పోయాయని, చేజేతులా చేసుకున్నారని దులిపేశాను. అతను తల వంచుకుని విన్నాడు. ఇంటికి తీసుకుపొమ్మన్నాను. నయం కాదన్న మాట మాత్రం నోట రాలేదు.

నెల తర్వాత ఆమెను చూడటానికి వాళ్ల ఊరు వెళ్లాను. మంచం మీద శ్రీశైలమ్మ పళ్లెంలో ఒక ముద్ద పక్కకు తీసిపెట్టి వాకిలి వైపు చూస్తోంది. నల్లోడు మందతో కొండకు పోయినాడని మొగుడు చెప్పాడట. వాడు వచ్చేదాకా తాను పోనంది. పాదరసం ఇంకా పైకి ఎక్కింది.

మాలకొండయ్య నన్ను దొడ్డి వెనక్కి తీసుకెళ్లి, కొత్తగా పూడ్చిన మట్టి చూపించాడు.

"నువ్వు చెప్పినాక నా చేత్తోనే కొట్టి చంపినా, లీదియక్కా. గడ్డ ఎప్పుడు కరుగుతాది?"

కరగదని అప్పుడు చెప్పాను.

అతను ఆ మట్టి మీదే కూలబడ్డాడు. లోపలి నుంచి శ్రీశైలమ్మ నల్లోణ్ణి పిలుస్తోంది.