మూడు పిలుపులు

ఆమె అత్తగారి మంచాన్ని బాత్రూమ్ పక్కకు ఈడ్చుకొస్తుంటే సోఫాలో పేపరు చదువుకుంటున్న భర్త రెండు కాళ్లూ పైకెత్తి దారిచ్చాడు. మంచం వెళ్లిపోయాక కాళ్లు దింపుకుని అన్నాడు.

"మీ సీరియల్లో మొహాలు మారినా జనం చూడ్డం మానరు కదా. నువ్వొక్కదానివి రాయడం మానేస్తే కొంపలేం మునిగిపోవు."

అత్తగారు మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నారు. ఆస్పత్రిలో ఆడపడుచు తోడుంది. ఆదివారం ఇంటికి పంపిస్తామన్నారు, ఆ తర్వాత ఆరు వారాలు పక్కన మనిషి ఉండాలన్నారు. మనిషి అంటే ఎవరని ఆ ఇంట్లో ఒక్కరూ అడగలేదు. ఆడపడుచైతే ఫోన్లోనే "వదిన ఉందిగా" అని తేల్చేసింది. భర్తకు ఆఫీసులో వాడని సెలవులు బోలెడు మూలుగుతున్నాయి. ఏనాడూ సెలవు పెట్టని మనిషినని ఆయన గొప్పగా చెప్పుకుంటాడు కూడా. పెట్టాల్సిన సెలవులన్నీ ఆయన తరఫున ఆమే పెడుతూ వచ్చిందని మాత్రం ఎప్పుడూ తట్టలేదు.

ఆమె మంచాన్ని గోడకు ఆనించింది. ఆయన మాటలో సగం నిజముంది, ఆ సగాన్నీ తయారు చేసింది తనే.

ఆ సీరియల్ తొమ్మిదేళ్లుగా నడుస్తోంది. ఒక బడి, అయిదుగురు స్నేహితులు, వాళ్లలో పిడుగు అని అందరూ పిలిచే ఒక అల్లరిపిల్ల. పిడుగు తొమ్మిదేళ్లుగా పదో తరగతే చదువుతోంది. ఆ వేషం వేసే అమ్మాయిలు మాత్రం ఊరుకోరు, పెద్దవాళ్లయిపోతారు. మొదటి పిడుగు సినిమాల్లోకి పోయింది. రెండో పిడుగుకి పెళ్లయింది. మూడో పిడుగు పై చదువులకని మొన్ననే దండం పెట్టేసింది. మొదటిసారి మొహం మారినప్పుడు పెద్ద రచయితగారు, అంటే టైటిల్స్‌లో ముందు పేరు పడే ఆయన, పిల్ల బస్సు కింద పడిందనీ ఆపరేషన్ చేస్తే మొహం మారిపోయిందనీ రాశాడు. జనం పగలబడి నవ్వారు. ఆ డాక్టరు అడ్రసు మాకూ చెప్పండని ఉత్తరాలు రాశారు. పరువు పోతుందని భయపడి నిర్మాత అప్పుడు ఈమెను పిలిచాడు. ఈమె పేరు చిట్టచివర, 'సహకారం' కింద, చదివేలోపు జారిపోయే చోట పడుతుంది.

ఆమె కనిపెట్టిన పద్ధతి చాలా చిన్నది. కారణం చెప్పకూడదు. కొత్తమ్మాయిని ముందు వెనకవైపు నుంచి చూపించాలి. ఇంట్లోవాళ్లు రోజూ పిలిచే గొంతుతోనే మూడుసార్లు "పిడుగూ" అని పిలవాలి. మూడో పిలుపుకి ఆ పిల్ల "ఆఁ, వస్తున్నా" అంటూ ఇటు తిరగాలి. అంతే, ఆ పిల్లే పిడుగు. దానికి తోడు ఒక పుస్తకం. పిడుగు జడ ఏ చేత్తో వెనక్కి విసురుతుంది, అబద్ధమాడేటప్పుడు ఎటు చూస్తుంది, అలిగితే చెప్పులు ఎక్కడ విడుస్తుంది, అన్నీ అందులో ఉంటాయి. యూనిట్లో అందరూ దాన్ని పిడుగు జాతకం అంటారు.

ఆ రోజు మేకప్ గదిలో నాలుగో పిడుగు ఆ పుస్తకం ఒళ్లో పెట్టుకుని బిక్కమొహం వేసింది.

"అక్కా, పాతామెలా చెయ్యాలా, నాలా చెయ్యాలా?"

"మొదటి వారం ఆమెలా చెయ్యి. తర్వాత నీలా చెయ్యి. రెండు నెలలు పోతే పిడుగంటే మొదట్నుంచీ నువ్వేనంటారు."

"నాకు రాకపోతే?"

"ఎవరికీ పుట్టుకతో రాలేదమ్మా. చేస్తే వస్తుంది."

అనేశాక తన మాట తన చెవికే కొత్తగా తగిలింది. పెళ్లయిన కొత్తలో స్టవ్ వెలిగించడానికి భయపడితే అత్తగారు అచ్చం ఇదే మాట అన్నారు, చేస్తే అదే వస్తుందని. కొడుకు దగ్గరకొచ్చేసరికి "వాడికి చేతకాదే" అని మురిసిపోయేవారు. ఆయనా అంతే. "నాకు టీ పెట్టడం కూడా రాదు" అని చుట్టాల ముందు నవ్వుతూ చెప్పుకుంటాడు. పధ్నాలుగేళ్లుగా ఆ చేతకానితనానికి తను టీ పెట్టి అందిస్తోంది. ఒళ్లు మండింది. ఆ మంట కాసేపటికి తగ్గినా, బుర్ర మాత్రం చురుగ్గా పనిచెయ్యడం మొదలెట్టింది.

మధ్యాహ్నం నిర్మాత పిలిపించాడు. పెద్ద రచయితగారు ఒక్క ఫోన్ కాల్‌తో వేరే ఛానెల్‌కి వెళ్లిపోయాడట. సోమవారం నుంచి కథంతా ఆమే నడపాలి, టైటిల్స్‌లో పేరు ముందు పడుతుంది. ఇంట్లో అడిగి చెప్పమన్నాడు.

"చెబుతానండి. అడగడానికేం లేదు" అంది ఆమె.

ఆ రోజు నుంచి మూడు రోజులూ క్యాంటీన్లో భోజనమయ్యాక కూర్చుని ఇంకో పుస్తకం రాసింది. శనివారం సాయంత్రం భర్త చేతికిచ్చింది. అట్ట మీద 'ఇంటావిడ' అని ఉంది. ఆయన ఎక్కడో మధ్యలో తెరిచాడు. అమ్మ ఏమీ వద్దులే అంటే ఆకలేస్తోందని అర్థం. మందు చేదంటే కాసేపు పక్కన కూర్చోమని అర్థం. కాలి కింద దిండు ఎంత ఎత్తుండాలో బొమ్మ కూడా వేసి ఉంది.

"ఏంటిది?"

"సోమవారం నుంచి మీ వేషం. ఆరు వారాలు. సెలవు చీటీ మీరే రాసుకోండి, అదైనా వచ్చుగా."

"నాకివన్నీ ఎక్కడొచ్చు?"

"ఎవరికీ పుట్టుకతో రాలేదు. మొదటి వారం నాలా చెయ్యండి, తర్వాత మీలా చెయ్యండి."

నలుగురూ నవ్వుతారన్నాడు. తన తల్లి ఒప్పుకోదన్నాడు. ఆదివారమంతా మొహం ముడుచుకు కూర్చున్నాడు. మొదటిరోజు కొత్తవాళ్లు ఇలాగే అలుగుతారని ఆమెకు తెలుసు కాబట్టి పట్టించుకోలేదు. ఆస్పత్రి నుంచి వచ్చిన అత్తగారిని మంచం మీద పడుకోబెట్టి, రేపట్నుంచి ఏం కావాలన్నా మీ అబ్బాయిని పిలవండని చెప్పింది. ఆవిడ మూతి బిగించి గోడవైపు తిరిగారు.

సోమవారం పొద్దున ఆమె చెప్పులు వేసుకుంటుంటే లోపల్నుంచి అత్తగారి పిలుపు వచ్చింది.

"అమ్మాయ్."

భర్త ఇటు వీపు పెట్టి సోఫాలో ఉన్నాడు, పేపరు అడ్డం పెట్టుకుని. ఆమె సంచి భుజానికి తగిలించుకుంది. లోపలికి వెళ్లకుండా గుమ్మం దగ్గరే నిలబడింది.

"అమ్మాయ్, మంచినీళ్లు."

ఎవరూ కదల్లేదు. లోపల మంచం కిర్రుమంది. తర్వాత, కొడుకుని చిన్నప్పుడు ఆటలోంచి కేకేసి పిలిచిన గొంతుతోనే కాబోలు, గట్టిగా పిలిచారు.

"ఒరే అబ్బాయ్."

"ఆఁ, వస్తున్నానమ్మా" అంటూ ఆయన ఇటు తిరిగాడు. పేపరు జారి కింద పడింది. దాని వెనకున్న 'ఇంటావిడ' పుస్తకం ఇంకా చేతిలోనే ఉంది, మొదటి పేజీ దగ్గర వేలు పెట్టి ఉంది.

ఆమె తలుపు దగ్గరగా వేసి బయల్దేరింది. ఆ ఇంట్లో ఎవరికీ ఎవరూ కారణం చెప్పలేదు.