ఊపిరి మరిచే బిడ్డ

డాక్టరమ్మ సుందరవల్లి రోజూ సాయంత్రం రైలుకు ఆవడిలో ఉండే ఇంటికి పోతుంది. ఆమె నీడ మాత్రం తిరువళ్ళూరు ఆసుపత్రిలోనే, ఆ పూట ఏ బిడ్డకు బాగలేకుంటే ఆ బిడ్డ పక్కన ఉండిపోతుంది. ఆయాలు దాన్ని తొక్కకుండా చుట్టూ తడిగుడ్డ పెడతారు.

ఆ వారమంతా నీడ వళ్ళియమ్మ కొడుకు దగ్గరే ఉండింది. తిరుత్తణిలో మగ్గం మీద కూచోనుండగానే వళ్ళియమ్మకు నొప్పులొచ్చినాయి. నెలలు నిండకముందే పుట్టిన బిడ్డ, పిడికెడంత ఉన్నాడు. నిద్రపోతా పోతా ఊపిరి తీసేది మరిచిపోతాడు. పెదాలు నీలమౌతాయి. నీడ వంగి అరికాలు తడుతుంది. వాడు ఉలిక్కిపడి మళ్ళా ఊపిరి తీస్తాడు. అది తట్టినప్పుడల్లా, యాడున్నా తన వేళ్ళు జివ్వుమంటాయని డాక్టరమ్మే చెప్పింది.

"ఎంతసేపని తడతాది పాపం, దానికి మాత్రం చేతులు నొయ్యవా?" అనింది అత్త చెంగమ్మ.

శనివారం సాయంత్రం డాక్టరమ్మ స్టేషనుకు బయలుదేరినాక గాలివాన పట్టుకుంది. కరెంటు పోయింది. దాంతోపాటే నీడా పోయింది.

వళ్ళియమ్మ చీకట్లో తడుముకుంటా బిడ్డ అరికాలు తట్టింది. కదిలినాడు. కాసేపటికి మళ్ళా తట్టింది. ఈసారి కదల్లేదు.

"అత్తా! బిడ్డ చల్లబడతా ఉండాడు!"

అంతలో తలుపు తోసుకొని డాక్టరమ్మ వచ్చింది. ఒళ్ళంతా తడిసి ముద్దయింది. "రైలెక్కబోతుంటే వేళ్ళు ఒక్కసారిగా మొద్దుబారినాయి. వాడేడీ?"

బిడ్డ ముక్కూ నోరూ కప్పేట్టు చిన్న మాస్కు పెట్టి, రబ్బరు బుడ్డ మెల్లగా నొక్కింది. నొక్కంగా నొక్కంగా పెదాలకు రంగు తిరిగింది. ఆమె సూదిలోకి మందు తీసుకుంది. నర్సు పట్టుకున్న టార్చి వెలుగు సూదిమొన మీద మాత్రమే పడతా ఉంది.

"వళ్ళీ, ఇది ఆయాసమొచ్చే పెద్దోళ్ళకిచ్చే మందు, అమినోఫిలిన్. ఊపిరి తీయమని మెదడుకు గుర్తుచేస్తాది. ఇంత చిన్నబిడ్డకు గుండెదడ ఎక్కువయ్యే భయం ఉంది. అందుకే ఇన్నాళ్ళు వెనకాడినా. ఇయ్యమంటావా?"

"మీరు పక్కనుంటారా అమ్మా?"

"యాడికీ పోను."

చుక్క చుక్కగా ఎక్కించింది. తడిచీర మార్చుకోకుండా, స్టెతస్కోపు బిడ్డ రొమ్ము మీదినుంచి తీయకుండా అట్లే కూచుంది. చెంగమ్మ తన కొంగుతోనే ఆమె తల తుడిచింది.

కరెంటొచ్చింది. గోడ మీద నీడ లేచింది. అలవాటుగా ఊయల్లోకి వంగి, అరికాలి మీదికి చెయ్యి చాపింది. అట్లే ఆగింది. బిడ్డ రొమ్ము లేస్తా ఉంది, దిగుతా ఉంది, మళ్ళా లేస్తా ఉంది. నీడ చాలాసేపు చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

అప్పుడుగానీ వళ్ళియమ్మకు ఏడుపు రాలేదు.